రెండు షట్టర్లు, వరంగల్ భద్రకాళి చెరువు చుట్టూ రోడ్డు: ఒక ప్రాజెక్టు డైరీ

జూన్ 8, ఆదివారం

బావ, ఆయన పార్ట్‌నర్ విడిపోయారు. తొమ్మిదేళ్లు ఒకే షట్టర్‌లో ఓవర్‌లాక్, పికో మిషన్లు బాగు చేసిన ఇద్దరూ మే నెలాఖరుకి లెక్కలు తేల్చుకుని, స్క్రూడ్రైవర్లతో సహా పంచుకున్నారు. పాత షట్టర్‌ని ఓనర్ కొడుక్కి ఇస్తున్నాడట. ఇక ఇద్దరూ తలో చోటు చూసుకోవాల్సిందే.

రేట్లలో పోటీ లేదు. షటిల్, బెల్టు, సూదులు ఇద్దరూ తెచ్చేది ఒకే హోల్‌సేలర్ దగ్గర. మజూరీ ఎంతో టైలర్లందరికీ తెలుసు. పనితనంలోనూ తేడా లేదు, ఇద్దరూ ఒకే ఉస్తాద్ దగ్గర నేర్చుకున్నవాళ్లు. కాబట్టి మిషన్ ఆగిపోయిన టైలర్ దాన్ని స్కూటీ ముందు పెట్టుకుని ఎటు పోతాడంటే, ఏ షాపు దగ్గరైతే అటు.

అక్క అన్నం వడ్డిస్తుంటే బావ నావైపు తిరిగాడు. "పిల్లలకు లెక్కలు చెప్తవ్ గదా బామ్మర్ది. నా షాపు ఏడ పెట్టాల్నో గది జెర లెక్క చేసి చెప్పరాదు."

నవ్వుకుంటూ సరే అన్నాను. రాత్రి పడుకున్నాక నవ్వు పోయింది. ఇది నిజంగానే లెక్క.

జూన్ 11, బుధవారం

పాత ఖాతా పుస్తకం బావకే వచ్చింది, పార్ట్‌నర్ దగ్గర దాని ఫోటోలున్నాయి. అంటే ఇద్దరిదీ ఒకే గిరాకీ. అందులో 250 మంది టైలర్లు తేలారు. ఏరియాల వారీగా విడదీసి, దగ్గర్లోని చౌరస్తాకి కలిపేశాను, పదుల్లోకి సవరించి: కాజీపేట 30, ఫాతిమానగర్ 20, అదాలత్ 30, హన్మకొండ చౌరస్తా 40, పోచమ్మ మైదాన్ 30, వరంగల్ చౌరస్తా 50, శివనగర్ 50.

రోడ్లను కిలోమీటర్లలో కాకుండా నా బండి మీద పట్టే నిమిషాల్లో వేసుకున్నాను. కాజీపేట నుంచి ఫాతిమానగర్ 5, అక్కణ్నుంచి నిట్ మీదుగా అదాలత్ 9. అదాలత్ నుంచి హన్మకొండ చౌరస్తా 6, చౌరస్తా నుంచి ములుగు రోడ్డు మీదుగా పోచమ్మ మైదాన్ 10, అక్కణ్నుంచి ఎంజీఎం ఆసుపత్రి ముందుగా వరంగల్ చౌరస్తా 5. అండర్‌బ్రిడ్జి దాటి శివనగర్ 4. శివనగర్ నుంచి నాయుడు పంపు, హంటర్ రోడ్డు మీదుగా మళ్లీ అదాలత్‌కి 12.

కాగితం మీద గీశాక గానీ గమనించలేదు. ఇన్నేళ్లుగా ఈ ఊళ్లో తిరుగుతున్నా, మన రోడ్ల ఆకారం నాకు తట్టలేదు. భద్రకాళి చెరువు చుట్టూ ఒక చక్రం, అదాలత్ దగ్గర దానికి తగిలించిన తోకలా కాజీపేట రోడ్డు. గాలిపటం లాగా ఉంది.

జూన్ 15, ఆదివారం

పైథాన్‌లో నెట్‌వర్క్‌ఎక్స్ (ఇలాంటి దారుల లెక్కలకి పనికొచ్చే లైబ్రరీ) వేసుకుని మొదటి ప్రోగ్రాం రాశాను. రెండు షాపుల చోట్లు ఇస్తే, ప్రతి చౌరస్తా నుంచి దగ్గరి దారి చూసి ఎవరికెంతమందో చెప్తుంది. దగ్గరి దారి వెతికేది డైక్‌స్ట్రా 1959లో ఇచ్చిన పద్ధతి. ఏడు చౌరస్తాలకు దాని అవసరం లేదు, వేలు పెట్టి చూసి చెప్పొచ్చు. అయినా రాశాను.

ఇద్దరినీ అదాలత్‌లోనే పెట్టి నడిపితే బావకి 250, పార్ట్‌నర్‌కి సున్నా అని వచ్చింది. బావ ఎగిరి గంతేసేవాడే, చూపించలేదు. పక్కపక్క షట్టర్లలో ఉన్న ఇద్దరిలో ఒకడికే ఊరంతా ఎందుకు పోతుంది? గంట సేపు వెతికాను. దూరాలు సమానమైతే ప్రోగ్రాం లిస్టులో ముందున్న పేరును తీసుకుంటోంది. ముందున్నది బావ పేరు. చుట్టరికం కోడ్‌లోకి కూడా దూరింది. సమానమైతే సగం సగం అని దిద్దాను: 125–125.

జూన్ 18, బుధవారం

ఈ లెక్కకు మూలపురుషుడు హెరాల్డ్ హోటలింగ్ అనే ఆర్థికవేత్త. 1929లో ఆయన ఒక పొడుగాటి వీధిని, దాని మీద ఇద్దరు వ్యాపారుల్ని ఊహించాడు. గిరాకీ వీధి పొడవునా సమానంగా పరుచుకుని ఉంటే, ఇద్దరూ ఒకరి వైపు ఒకరు జరుగుతూ చివరికి నడిమధ్యలో పక్కపక్కన చేరతారన్నాడు. ధరలు కూడా ఎవరికివారు మార్చుకోగలిగితే ఆ వాదన నిలవదని 1979లో ద'ఆస్ప్రెమాన్, గాబ్జెవిచ్, టిస్ అనే ముగ్గురు చూపించారు. పక్కపక్కన చేరితే రేట్లు తగ్గించి ఒకరినొకరు తినేసుకుంటారు, అందుకని దూరంగా జరగాలనిపిస్తుంది. మన దగ్గర రేటు కదలదు కనుక ఆ బాధ లేదు.

రేటు కదలకపోయినా మూడో మనిషి వస్తే కథ మారుతుంది. వంద పాయింట్ల తిన్నని రోడ్డు మీద ముగ్గురిని పెట్టి, ఒకరి తర్వాత ఒకరిని మంచి చోటికి జరగనిచ్చాను. మధ్యలో ఇరుక్కున్నవాడు ఎగిరి అంచుకి దూకుతాడు, అప్పుడు ఇంకొకడు ఇరుక్కుంటాడు. ఐదు వందల రౌండ్లయినా ఆగలేదు. నలుగురైతే మాత్రం బుద్ధిగా కూర్చుంటారు: ఇద్దరు పావు దగ్గర, ఇద్దరు ముప్పావు దగ్గర. బావకి చెప్తే "ఇంకో ఇద్దర్ని నేను తేవాల్నా ఏంది?" అన్నాడు.

జూన్ 22, ఆదివారం

ఏడు చౌరస్తాల మీద ఇద్దరి ఆట పూర్తిగా నడిపాను. గెలిచింది శివనగర్! దానికి ఎదురుగా ఇంకే చౌరస్తాలో పెట్టినా అవతలివాడికి 120 దాటదు. అదాలత్ మీద 130–120, హన్మకొండ చౌరస్తా మీద 130–120. శివనగర్‌లో ఉన్నవాడికి వరంగల్ చౌరస్తా ఎలాగూ వస్తుంది, పోచమ్మ మైదాన్ కూడా ఒక్క నిమిషం తేడాతో చేతికొస్తుంది: హన్మకొండ నుంచి 10, శివనగర్ నుంచి 9.

ఆ ఒక్క నిమిషం నాకు నచ్చలేదు. 10ని 9 చేసి చూస్తే హన్మకొండే 135–115తో గెలిచింది. ఎంజీఎం దగ్గర ఆటోలు ఎలా ఆగితే అలా మారిపోయే జవాబుని బావ చేతిలో ఎలా పెట్టను? పైగా శివనగర్ పేర్లలో పది మంది బాకీ ఎగ్గొట్టి రావడం మానేశారట. ఆ పది కొట్టేస్తే అదాలత్‌తో 120–120. ప్రస్తుతానికి కొట్టేయలేదు, "మిషన్ ఆగితే వాళ్లే వస్తరు, యాడికి పోతరు" అంటున్నాడు.

జూన్ 29, ఆదివారం

ఆషాఢం వచ్చేసింది. శ్రావణం దాకా అడ్వాన్సు ఇచ్చేది లేదని అక్క తేల్చి చెప్పింది. అవతల పార్ట్‌నర్ ఇంట్లోనూ అదే మాట ఉంటుంది. ఆటలో ఇద్దరూ నెల రోజులు కదలకూడదన్న నియమం ఏ పుస్తకంలోనూ లేదు, మన పంచాంగంలో ఉంది. నాకు టైం దొరికింది.

జూలై 6, ఆదివారం

ఈ వారం నా తప్పు ఒకటి బయటపడింది. చిన్నదేమీ కాదు.

షాపుల్ని చౌరస్తాల్లోనే ఎందుకు పెట్టాను? 1964లో హకీమీ అనే ఆయన నిరూపించిన ఫలితం ఒకటుంది: ఒక్కరే యజమాని, అందరి మొత్తం దూరం తక్కువ కావాలంటే రోడ్ల కూడళ్లలో వెతికితే చాలు, మధ్యలో చూడనక్కర్లేదు. నేను దాన్నే పట్టుకుని పోటీకి కూడా వాడేశాను. అదే హకీమీ 1983లో పోటీదారుల కోసం లెక్కని కొత్తగా వేశాడు. అక్కడ కూడళ్ల సౌకర్యం పోతుంది.

మా సెకండియర్ పిల్లలకి బోర్డు మీద చూపించాను. మూడు ఊళ్లు, ఒక్కొక్క దానిలో పది మంది, ఏ రెండింటి మధ్యనైనా పది నిమిషాలు. ఒక షాపు మొదటి ఊళ్లో ఉంది. రెండోవాడు ఇంకో ఊళ్లో పెడితే తన ఊరు పది, మూడో ఊరిలో సగం ఐదు, మొత్తం పదిహేను. అదే ఆ రెండు ఊళ్లకు నడిమధ్య రోడ్డు మీద పెడితే? రెండూ ఐదేసి నిమిషాలే, ఇరవై మందీ వాడికే. వెనక బెంచీ నుంచి ఒకడు "సార్, హైవే దాబా" అన్నాడు. అంతే, అదే.

కాబట్టి రోడ్ల మీద నిమిషానికో పాయింటు పెట్టాను. మొత్తం 51 పాయింట్లు, 2,601 జతలు. రెండు సెకన్ల పని.

శివనగర్ కోట కూలిపోయింది. హన్మకొండ చౌరస్తా నుంచి ములుగు రోడ్డు మీద మూడు నిమిషాలు లోపలికి పోయి కూర్చుంటే, శివనగర్ మీద 150–100. పోచమ్మ మైదాన్ ఏడు నిమిషాల్లోకి వచ్చేస్తుంది, అదాలత్, దాని వెనక కాజీపేట తోక చేజారవు. మరి ములుగు రోడ్డుని ఓడించేదెవరు? అదాలత్, 130–120. అదాలత్‌ని ఓడించేది? శివనగర్, 130–120!

రాయి, కాగితం, కత్తెర. ఎవరు ఎక్కడ పెట్టినా రెండోవాడికి అంతకంటే మంచి చోటు ఒకటుంటుంది. ఇద్దరే ఉన్నా ఆట ఆగదు. మూడో మనిషి అక్కర్లేదు, చెరువు చుట్టూ రోడ్డు చాలు. ఇలాంటి ఆటలో ఎవరూ కదలక్కర్లేని అమరిక అసలు ఉందో లేదో తేల్చడమే, మనుషులు, రోడ్లు పెరిగేకొద్దీ, గణితంలో బాగా కష్టమైన సమస్యల కోవలోకి పోతుందని డ్యూర్, థాంగ్ 2007లో చూపించారు. మనవి 51 పాయింట్లే కనుక కుప్ప వేసి వెతికాం.

జూలై 12, శనివారం

సాయంత్రం శివనగర్‌లో ఒక షట్టర్ చూద్దామని బయల్దేరాను. వరంగల్ చౌరస్తా దాటేలోపే వాన దంచింది. అండర్‌బ్రిడ్జి ముందుకు చేరేసరికి కింద నీళ్లు, ఒక ఆటో మధ్యలో ఆగిపోయి ఉంది, డ్రైవర్ ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి నెడుతున్నాడు. వెనక్కి తిరిగాను. ఇంటికొచ్చి తల కూడా తుడుచుకోకుండా కంప్యూటర్ ముందు కూర్చుంటే అమ్మ తిట్టింది.

కోడ్‌లో ఒకే ఒక్క లైను తీసేశాను: వరంగల్ చౌరస్తా–శివనగర్, 4 నిమిషాలు. అంతే, చక్రం తెగి చెట్టయింది: కొమ్మలే తప్ప చుట్టూ తిరిగి కలిసే దారి లేదు. అదాలత్ మీద 130–120తో గెలుస్తున్న శివనగర్ ఒక్క దెబ్బకి 50–200కి పడిపోయింది.

చెట్టులో రాయి-కాగితం-కత్తెర ఉండదు. ఎందుకో అదాలత్ చౌరస్తాలో నిలబడి చూస్తే తెలుస్తుంది. అక్కణ్నుంచి మూడు కొమ్మలు: కాజీపేట వైపు 50 మంది, హంటర్ రోడ్డు వైపు 50, హన్మకొండ వైపు 120. ఏ కొమ్మలోనూ సగం, అంటే 125, దాటి లేరు. అవతలివాడు ఏ కొమ్మలోకి పోయినా మహా అయితే ఆ కొమ్మ దక్కుతుంది, మిగతావాళ్లు అదాలత్‌కే వస్తారు. ఓటమి లేని చోటు అది. వానాకాలం అదాలత్, ఎండాకాలం ఎవరికెరుక.

జూలై 20, ఆదివారం

మరి బావే ముందు పెట్టాల్సి వస్తే? అవతలివాడు చూసి, తాపీగా తనకు నచ్చిన చోటు ఎంచుకుంటాడు. అప్పుడు వెతకాల్సింది గెలిచే చోటు కాదు, తక్కువ నష్టపోయే చోటు. 51 పాయింట్లలో ఒక్కోదానికీ అవతలివాడి బెస్ట్ దెబ్బ ఏంటో చూశాను. అదాలత్‌లో ఉంటే ఎంత తెలివిగా కొట్టినా 120 మంది మిగులుతారు. మిగతా ఏ పాయింటూ 100 దాటలేదు. శివనగర్ మీద గెలిచిన ములుగు రోడ్డు అయితే మరీ ఘోరం: అవతలివాడు హంటర్ రోడ్డు నడిమధ్య కూర్చుంటే 180–70. అటు అదాలత్‌కీ ఇటు వరంగల్ చౌరస్తాకీ వాడే దగ్గరవుతాడు.

బావకి రెండు వాక్యాల్లో చెప్పాను. నువ్వు ముందు ఇచ్చేటట్టయితే అదాలత్. ఆయన ముందు ఇస్తే, ఎక్కడో తెలిశాక నాకు ఫోన్ చెయ్యి.

"అయితే ఆగుతా," అన్నాడు. "వానికి తొందరెక్కువ."

జూలై 27, ఆదివారం

శ్రావణం వచ్చిన రెండు రోజులకే పార్ట్‌నర్ శివనగర్‌లో అడ్వాన్సు ఇచ్చేశాడు. ఇల్లు అక్కడే కదా, మధ్యాహ్నం అన్నానికి పోవచ్చని. నా 2,601 జతల్లో ఎక్కడా మధ్యాహ్నం అన్నం లేదు.

అగ్రిమెంటు పదకొండు నెలలు. అంటే పదకొండు నెలలు ఆయన కదలడు. ములుగు రోడ్డు 150–100. వాన పడి అండర్‌బ్రిడ్జి మునిగితే 200–50. హంటర్ రోడ్డు భయం వచ్చే ఏడాది సంగతి.

ఒక్క ఇబ్బంది. ములుగు రోడ్డు అంటే మేడారం దారి. రెండేళ్లకోసారి సమ్మక్క-సారలమ్మ జాతరప్పుడు ఆ రోడ్డు మీద బండి కదలదు. ఇది మాట్లాడాలి అంటే బావ నవ్వాడు. "జాతరకు టైలర్లు పోతరు, నేను పోత, వాడు పోతడు. షాపు ఎవనికి కావాలె?"

ఆగస్టు 3, ఆదివారం

రెండు షట్టర్లు దొరికాయి, రోడ్డుకి చెరోవైపు, దాదాపు ఎదురెదురుగా. హన్మకొండ నుంచి పోచమ్మ మైదాన్ పోతుంటే ఎడమ చేతి వైపున్నది చవక. కుడి వైపుది నెలకు రెండు వేలు ఎక్కువ. బావకి చవకది నచ్చింది, ఎవరికి నచ్చదు?

నాకూ నచ్చేదే, కానీ మధ్యలో డివైడర్ ఉంది. నా ప్రోగ్రాంలో ప్రతి రోడ్డూ రెండు వైపులా ఒకటే, దాటడానికి అడ్డం లేదు. నిన్న పోచమ్మ మైదాన్ నుంచి బండి వేసుకొచ్చి కొలిచాను. చవక షట్టర్ కళ్ల ముందే కనిపిస్తుంది, కానీ ముందుకు పోయి యూ టర్న్ తీసుకుని వెనక్కి రావాలి. అటు నుంచి వచ్చే పెద్ద బండ్లు వదిలేదాకా ఆగడంతో కలిపి రెండు నిమిషాలు. ఒళ్లో మిషన్ హెడ్డు పెట్టుకున్న మనిషికి ఇంకా ఎక్కువే.

పోచమ్మ మైదాన్ నుంచి 7 నిమిషాలు కాస్తా 9 అయింది. శివనగర్ నుంచి కూడా 9. ఆ ముప్పై మంది సగం సగం. 150–100 అనుకున్నది 135–115కి దిగింది. కుడి వైపు షట్టర్ తీసుకుంటే ఆ రెండు నిమిషాలు హన్మకొండ వైపు నుంచి వచ్చేవాళ్ల మీద పడతాయి. అదాలత్ వాళ్లకి 9 బదులు 11. శివనగర్ వాళ్లకు 12. ఇంకా మనమే దగ్గర, 150 చెక్కుచెదరదు.

పదిహేను మంది టైలర్లు నెలకు రెండు వేలు పట్టుకొస్తారా? ఇది నా లెక్క కాదు, బావది. వేళ్లు మడిచి, ఓవర్‌లాక్ సర్వీసు ఇంత, బెల్టులు ఇంత అని గొణుక్కుని, కుడి వైపు ఓనర్ దగ్గరికి పోయి ఎనిమిది వందలు తగ్గించుకుని వచ్చాడు. నేను మాట్లాడి ఉంటే రూపాయి తగ్గేది కాదు.

ఒక సందేహం మాత్రం పక్కన రాసి పెట్టుకుంటున్నాను. దగ్గరి షాపుకే పోతారన్నది నేను మొదటి రోజే కళ్లు మూసుకుని ఒప్పుకున్న మాట. ఎనుమాముల మార్కెట్‌కి మిర్చి పట్టుకొచ్చే రైతు దగ్గరి వ్యాపారి అని రాడు. అందరు వ్యాపారులూ అక్కడే ఉన్నారని ఎంత దూరం నుంచైనా వస్తాడు. ఓవర్‌లాక్ రిపేరు అలాంటిది కాదనే అనుకుంటున్నాను.

ఆగస్టు 10, ఆదివారం

శుక్రవారం కొబ్బరికాయ కొట్టారు. ఖాతా పుస్తకంలో నేనొక కొత్త గడి గీసిచ్చాను: ఎటు నుంచి వచ్చారు. పెన్సిల్ దారం కట్టి పుస్తకానికి వేలాడదీశాను, లేకపోతే బావ రాయడు.

నిన్న ఆరుగురు వచ్చారు. ఇద్దరు ఇంటి నుంచి నేరుగా. ఒకామె పిల్లాణ్ని బడిలో దింపి. ఒకతను వరంగల్‌లో బట్ట కొని తిరిగిపోతూ. ఇంకొకతను ఎంజీఎంలో తల్లిని చూసి వస్తూ. ఆరో మనిషి గడిలో బావ అక్షరాల్లో "శివనగర్, ఇటే పోతుండె" అని ఉంది.

శివనగర్ టైలర్, తన ఇంటి పక్కనున్న షాపు వదిలేసి. ఇల్లు ఎక్కడని కాకుండా దారి ఎటని చూసి షాపు పెట్టే పద్ధతి మీద 1990లో హాడ్జ్‌సన్ రాసిన పేపరు ఒకటి దిగుమతి చేసి పెట్టుకుని నెల దాటింది, తెరవలేదు. వచ్చే వారం ఖాతాలోని 250 మందినీ ఒక పాయింటుకి కాక, రోజూ పోయే ఒక దారికి కట్టాలి. దానికి ముందు పెన్సిల్ చెక్కాలి, మొన విరిగిందట.